పుప్పాలగూడ నీళ్లు, ఇంటి చేపలు, ఇరుగుపొరుగు సలహాలు

ఇంట్లో చేపల తొట్టి పెట్టుకున్నవారికి మొదటి నెలన్నర గండకాలం. దుకాణంలో హుషారుగా ఈదిన చేప, ఇంటికొచ్చిన నాలుగో రోజునో ఎనిమిదో రోజునో నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంది. మరునాటికి తేలిపోతుంది. నీళ్లు తేటగానే ఉంటాయి, మేత వేశారు, పంపు ఆడుతోంది, అయినా చేప దక్కలేదు. కారణం కంటికి ఆనేది కాదు. అందుకే ఈ దశలో పుస్తకం కన్నా, అమ్మినవారి మాట కన్నా, అవే నీళ్లతో కొన్నేళ్లుగా చేపలు పెంచుతున్న పక్క ఫ్లాట్ మనిషి సలహా ఎక్కువ పనికొస్తుంది. అక్వేరియం పెంపకం ఏ ఊళ్లో నిలదొక్కుకున్నా ఇలాంటి సలహాల మీదే నిలదొక్కుకుంది. హైదరాబాద్ పడమటి అంచున, ఐటీ టవర్ల నడుమ ఉన్న పుప్పాలగూడలోనూ అంతే.

ఆ కనపడని కారణం అమ్మోనియా. చేప మొప్పల నుంచి, విసర్జన నుంచి, తినకుండా మిగిలి కుళ్లిన మేత నుంచి అది పుడుతుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. మరో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మార్చాక గానీ చేపకు ఊరట ఉండదు. ఈ రెండు రకాలూ ఫిల్టర్ స్పాంజిలో, అడుగున పరిచిన గులకరాళ్ల మీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పెంపకందార్లు దీన్నే సైక్లింగ్ అంటారు. కొత్త తొట్టిలో ఒకేసారి పది చేపలు వదిలితే, ఆ బ్యాక్టీరియా పెరిగేలోపే విషం పెరిగిపోతుంది.

తొట్టిలో చేపలకూ మొక్కలకూ మధ్య కుదిరే సమతూకాన్ని మొదట ప్రయోగంగా చూపినవాడు లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్. రెండు గోల్డ్‌ఫిష్‌లు, వాలిస్నేరియా మొక్క, కొన్ని నత్తలు కలిపి పెంచి, ఆ ఫలితాన్ని 1850లో కెమికల్ సొసైటీ ముందు ఉంచాడు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల కోసం తొలి అక్వేరియం తెరిచారు. మరుసటి ఏడాది అక్వేరియం గురించి ఫిలిప్ గాస్ రాసిన పుస్తకం వచ్చాక గాజు తొట్టి మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చింది. వచ్చినంత వేగంగా చాలా ఇళ్ల నుంచి పోయింది కూడా, చేపలను బతికించడం తెలియక. అభిరుచి నిలిచింది సంఘాలు పుట్టిన తరువాతే. బెర్లిన్‌లో ట్రైటన్ సంఘం 1888లో ఏర్పడింది. 1911లో మొదలైన బ్రూక్లిన్ అక్వేరియం సొసైటీ నేటికీ నడుస్తోంది. ఈ సంఘాల్లో జరిగేది చాలా మామూలు పని: పిల్లచేపలు, మొక్కల ముక్కలు మార్చుకోవడం, ఎవరి తొట్టిలో ఏం పోయిందో, ఏం నిలిచిందో చెప్పుకోవడం.

మన వైపు చేపల మేత గురించి రాసిపెట్టిన సంప్రదాయం ఇంతకంటే చాలా పాతది. తెలంగాణలో పెద్ద భాగాన్ని ఏలిన కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో ఏ చేపకు ఏ మేత పెట్టాలో వివరంగా ఉంది. అది గాలం వేటను దృష్టిలో పెట్టుకుని రాసింది. అయినా చేప తిండిని అంత శ్రద్ధగా గమనించడం చిన్న సంగతి కాదు. ఆధునిక అక్వేరియం తెలుగువారికి పరిచయమైంది మద్రాసులో. ఎడ్గర్ థర్స్టన్ చొరవతో 1909లో మెరీనా తీరాన తెరిచిన అక్వేరియం దేశంలోనే మొదటిది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో అది మూతపడింది. ఆ తరువాతి తరాలకు విశాఖ బీచి దగ్గరి మత్స్యదర్శిని ఆ ముచ్చట తీర్చింది.

ఇంటి తొట్టిలో అందరికంటే ముందు చేరే గప్పీ మన దేశానికి 1908లోనే వచ్చింది, కానీ అలంకారానికి కాదు. దోమ పిల్లలను తింటుందని దాన్ని రప్పించారు. దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధాన్ని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడు కనుక, ఈ చిన్న చేప కథలో మన నగరానికీ వాటా ఉంది. 1928లో గాంబూసియా కూడా ఇదే పని మీద వచ్చింది.

హైదరాబాద్‌లో రంగు చేపల ఆసక్తికి పాత చిరునామా చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్. పక్షులతో పాటు అక్కడ చేపలూ అమ్ముతారు. నగర దుకాణాల్లో కనిపించే చేపల్లో చాలా భాగం చెన్నై కొళత్తూరు నుంచో, కోల్‌కతా నుంచో వస్తాయి. అంటే, ఒక నీటిలో పుట్టి, సంచిలో రాత్రంతా ప్రయాణించి, మరో నీటిలో పడతాయి. సంచిని ఇరవై నిమిషాలు తొట్టిలో తేలనిచ్చి, తరువాత తొట్టి నీళ్లు కొంచెం కొంచెంగా సంచిలో కలుపుతూ గంటసేపు అలవాటు చేయాలని అనుభవజ్ఞులు పట్టుబట్టేది ఇందుకే.

పుప్పాలగూడ సంగతికొస్తే, ఇక్కడి సలహాలన్నీ నీళ్లతోనే మొదలవుతాయి. ఖాజాగూడ గుట్టల నుంచి నార్సింగి దాకా ఈ నేలంతా గ్రానైట్ రాయి. లోతుగా దింపిన బోర్ల నుంచి వచ్చే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. స్నానాల గదిలో కుళాయిల మీద పేరుకునే తెల్లటి పొర దాని గుర్తే. తాగునీటి ప్రమాణాల ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే గతి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఒక వారం బోరు నీళ్లు, ఇంకో వారం ట్యాంకర్ నీళ్లు, మధ్యలో జలమండలి నీళ్లు రావడం ఈ వైపు మామూలే. చేపకు కఠినమైన నీళ్ల కన్నా నీళ్లు మాటిమాటికీ మారడమే ఎక్కువ హాని.

కఠిన జలానికి తోడు క్షార గుణం ఉంటే అమ్మోనియా ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. నీటి వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం లోపే. పీహెచ్ 8 దగ్గర అది 5 శాతం దాటుతుంది. వేరే ఊరి స్నేహితుడు చెప్పిన సలహా ఇక్కడ బెడిసికొట్టడానికి ఇంతకంటే వేరే కారణం వెతకనక్కర్లేదు. మెత్తటి నీళ్లున్న ఊళ్లో పది చేపలు తట్టుకున్న అమ్మోనియాకు ఇక్కడ ఆరు చేపలు కూడా తాళలేకపోవచ్చు.

ఈ ప్రాంతపు అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు వాటర్ సాఫ్ట్‌నర్. అది కాల్షియం, మెగ్నీషియంలను తీసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. కరిగిన లవణాల మొత్తం దాదాపు అంతే ఉంటుంది. చాలా ఇళ్లలో ఆర్వో నీళ్లు చూసుకోవడానికి వాడే పెన్ను లాంటి టీడీఎస్ మీటర్ ఆ తేడాను పట్టలేదు. మీటర్ అంకె మారలేదు కనుక నీళ్లు మారలేదనుకుంటారు. కాల్షియం అవసరమైన గప్పీలు, మోలీలు మాత్రం నీరసిస్తాయి. సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి నుంచి నీళ్లు పట్టుకోవడం మేలని ఈ ప్రాంతంలో పెంచినవారే చెప్పగలరు. అలాగే ఒట్టి ఆర్వో నీళ్లు పోస్తే లవణాలు మరీ తక్కువై పీహెచ్ నిలకడగా ఉండదు. ఆర్వో, బోరు నీళ్లు కలిపి, ప్రతిసారీ అదే పాళ్లలో వాడాలి. జలమండలి నీళ్లయితే క్లోరిన్ పోయేందుకు ఒక రోజు వెడల్పాటి పాత్రలో నిలవ ఉంచాలి, లేదా సోడియం థయోసల్ఫేట్ వేయాలి.

ఈ నీళ్లకు తగిన చేపలను ఎంచుకోమనడం అన్నిటికన్నా మంచి సలహా. గప్పీ, మోలీ, ప్లాటీ, ఆఫ్రికా సరస్సుల సిక్లిడ్‌లు కఠిన జలంలో సుఖంగా ఉంటాయి. అమెజాన్ మెత్తటి నీళ్లలో పుట్టిన నియాన్ టెట్రా, డిస్కస్‌ల జోలికి కొత్తవారు వెళ్లకపోవడమే మంచిది. నీటిని చేపకు అనువుగా మార్చే ప్రయత్నంలో అలసిపోయి తొట్టినే అటక ఎక్కించినవారు చాలామంది.

పుప్పాలగూడలో ఇప్పుడు ఉంటున్న జనం రకరకాల చోట్ల నుంచి వచ్చినవారు. వారిలో భీమవరం, కైకలూరు వైపు వారు తెచ్చిన తెలివి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చెరువుల్లో చేపలు, రొయ్యలు పెంచిన కుటుంబాలకు ఆక్సిజన్, అమ్మోనియా, పీహెచ్ రోజూ నోట్లో నానే మాటలు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే చెరువులో ఆక్సిజన్ పడిపోయిందని ఆ రైతు చూడగానే చెబుతాడు. రాత్రంతా మొక్కలు, నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి కనుక ఆ వేళకే అది అడుగంటుతుంది. మొక్కలు దట్టంగా పెంచిన ఇంటి తొట్టిలోనూ జరిగేది అదే. మే నెల ఎండల్లో ఇది మరీ ముదురుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించి కరగదు. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవడం, నీటి మీదకు ఫ్యాను తిప్పడం వేసవికి చాలినంత ఏర్పాటు.

మాటతో పాటు వస్తువు కూడా చేతులు మారితేనే సలహా పూర్తవుతుంది. కొత్త తొట్టి పెట్టినవారికి పాత పెంపకందారు ఇవ్వగల అత్యుత్తమ కానుక, తన ఫిల్టర్‌లోని మురికి స్పాంజి ముక్క. దాన్ని తన తొట్టి నీళ్లతోనే సంచిలో పెట్టి, తడి ఆరకముందే తీసుకెళ్లి కొత్త ఫిల్టర్‌లో అమర్చాలి. అందులో ఉన్న బ్యాక్టీరియా వారాల నిరీక్షణను రోజుల్లోకి తగ్గిస్తుంది. చూడటానికి గోధుమరంగు బురదలా ఉంటుంది కనుక తెలియనివారు కుళాయి కింద శుభ్రంగా కడిగేస్తారు. నీళ్లలో క్లోరిన్ ఉంటే ఆ బ్యాక్టీరియా చస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లను బకెట్లో పోసి, అందులోనే స్పాంజిని రెండుసార్లు పిండితే చాలు. ఇవ్వదలిస్తే జావా ఫెర్న్ ముక్కో, గప్పీ పిల్లలో కూడా ఇవ్వవచ్చు. గప్పీ నెలకోసారి పిల్లల్ని పెడుతుంది కనుక వాటికి కొదవ ఉండదు.

చెడు సలహాకూ కొదవ లేదు. వారానికోసారి నీళ్లన్నీ పారబోసి, రాళ్లు, బొమ్మలు తోమి, మళ్లీ నింపమనేది వాటిలో అతి ప్రమాదకరమైనది. అలా చేసిన ప్రతిసారీ తొట్టి మళ్లీ మొదటి రోజుకు చేరుతుంది. వారానికి నాలుగో వంతు నీళ్లు మార్చడం సరిపోతుంది. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు కనిపించగానే మందులన్నీ కలిపి పోయడం ఇంకో పొరపాటు. ఆ తెల్లమచ్చల జబ్బు తెచ్చే పరాన్నజీవి చేప చర్మంలో ఉన్నంతసేపూ మందుకు లొంగదు. అది రాలిపడి, చీలి, నీళ్లలో ఈదే దశలోనే చస్తుంది. మచ్చలు పోయాయని మందు ఆపేస్తే వారంలో మళ్లీ వస్తాయి. అనుభవమున్నవారు మందు పేరు చెప్పేముందు నాలుగు సంగతులు అడుగుతారు: తొట్టి ఎన్ని లీటర్లు, పెట్టి ఎన్నాళ్లయింది, ఎన్ని చేపలు, చివరిసారి నీళ్లు ఎప్పుడు, ఎంత మార్చారు. చాలాసార్లు ఆ జవాబుల్లోనే రోగం దొరుకుతుంది, మందు అవసరమే రాదు.

ధైర్యం చెప్పడం కూడా ఈ సంప్రదాయంలో భాగమే. చేప చనిపోతే ఇంటి అరిష్టం దాని మీద పోయిందని సరిపెట్టుకోవడం మన ఇళ్లలో ఉంది. ఆ మాట పెద్దలకు ఊరట ఇస్తుందేమో గానీ, కారణం వెతకనివ్వదు, ఆ స్థానంలో తెచ్చే చేపకూ అదే గతి పడుతుంది. కొత్తవారిని తప్పుపట్టకుండా, మొదటి తొట్టిలో చేపలు పోగొట్టుకోవడం దాదాపు అందరికీ జరిగేదేనని చెప్పి, మళ్లీ రెండు మోలీలతో మొదలుపెట్టించేవారే ఈ అభిరుచిని నిలబెడుతున్నారు. ముఖ్యంగా తొట్టి ముందు కూర్చుని ఏడ్చే పిల్లలకు నిజమైన కారణం చెప్పడం అవసరం. వారిలో ఒకరికి అదే మొదటి జీవశాస్త్ర పాఠం కావచ్చు. పుప్పాలగూడకు కూతవేటులో, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆవరణలోని డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లో అక్వేరియంలో అందరికీ తెలిసిన జీబ్రా చేప మీద కూడా పరిశోధన సాగుతోంది.

సంస్థల అండ మాత్రం ఇంటి పెంపకందారు దాకా పెద్దగా రాలేదు. జాతీయ మత్స్య అభివృద్ధి మండలి 2006లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. రాజేంద్రనగర్ వైపు వెళ్లేవారికి చేప ఆకారంలో కనిపించే భవనం దానిదే. 2017లో కేంద్రం అలంకార చేపల కోసం ఎనిమిది రాష్ట్రాల్లో ప్రయోగాత్మక పథకం ప్రకటించినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలకూ అందులో చోటు దక్కలేదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన రంగు చేపల పెంపక యూనిట్లకు సాయం ఇస్తోంది. అది ఉత్పత్తిదారులకు మేలు. ఇంట్లో తొట్టి పెట్టుకున్నవారికి నీటి పరీక్ష, జబ్బు నిర్ధారణ అందించే కేంద్రం ఒకటి నగరానికి ఇప్పటికీ కావాలి. గుండ్రటి గాజు గిన్నెల్లో చేపలను ఉంచరాదంటూ పర్యావరణ మంత్రిత్వ శాఖ 2017లో నియమాలు తెచ్చి, తరువాత ఉపసంహరించుకుంది. నియమం పోయినా గిన్నె ఇరుకు అలాగే ఉంది. ఫైటర్ చేపకైనా ఫిల్టర్ ఉన్న చిన్న తొట్టి కావాలి.

చివరగా, ప్రతి సలహాలోనూ తప్పక చేరాల్సిన హెచ్చరిక ఒకటుంది. నాచు తింటుందని కొనే సక్కర్ చేప అడుగు దాటి పెరుగుతుంది. తొట్టి చాలక చెరువులో వదిలినవి ఇప్పుడు తెలుగు రాష్ట్రాల జాలర్ల వలలను చింపుతున్నాయి. వారు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. నీటిలోని డీఎన్‌ఏ ఆధారంగా దాని జాడ పట్టే పద్ధతిని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు రూపొందించారు. తూర్పు కనుమల నీటి వనరుల్లో 60 శాతం దాకా అది వ్యాపించిందని తేల్చారు. గండిపేట చెరువు పుప్పాలగూడకు ఎంతో దూరం లేదు. 1908 మూసీ వరదల తరువాత కట్టి, 1920 నుంచి నగరానికి నీళ్లిస్తున్న జలాశయం అది. తొట్టిలో ఇమడని చేపను అక్కడ గానీ, ఏ కుంటలో గానీ వదలవద్దు. పెద్ద తొట్టి ఉన్న మరో ఇంటికి ఇవ్వండి, లేదా కొన్న దుకాణానికే తిరిగి ఇచ్చేయండి.