తుపానుకు ముందు ఆకుతోట

2023 డిసెంబరు 4. కార్తీకంలో మూడో సోమవారం. చేబ్రోలులో బాగా పొద్దెక్కినా ఎండ పొడ లేదు. దీపాల పళ్ళేలు పట్టుకుని భీమేశ్వరుడి గుడికి పోయే ఆడవాళ్ళు కొంగు తలమీదికి లాక్కుని గబగబా నడుస్తున్నారు. రాత్రి పట్టిన జల్లు గట్టిగా కురవడం లేదు, అలాగని వదలడమూ లేదు. కోనేటి నడుమ ఉన్న చతుర్ముఖ బ్రహ్మ గుడిని దాటి, ఊరి చివర పొలాల బాట పట్టి, మీరొక ఆకుతోట దడి ముందు ఆగారు.

"చెప్పులు అక్కడే విడువు బాబూ," అంటాడు లోపలి నుంచి పెద్దాయన.

ఆకుతోటలోకి చెప్పులతో అడుగు పెట్టనివ్వరు. తమలపాకు లక్ష్మి అన్న భక్తి ఒకటి. పక్క తోటలో తీగ కుళ్ళు ఉంటే ఆ బురద చెప్పుల అడుగున అంటుకుని ఇక్కడికి వస్తుందన్న భయం మరొకటి. మీరు వట్టికాళ్ళతో దిగుతారు. నల్లరేగడి మెత్తగా, చల్లగా వేళ్ళ సందుల్లోకి ఎగదన్నుతుంది.

లోపల వేరే వాతావరణం. వరుసల్లో నిలబడ్డ అవిశ చెట్లే గోడలు, వాటి కొమ్మలే కప్పు. పగలే ఆకుపచ్చని చీకటి. తీగ కణుపు కణుపునా వేళ్ళు పుట్టించి చెట్టును కరుచుకుని పైకి పాకింది. అక్కడక్కడా జమ్ముతో వేసిన కట్లు. ఈ గదిలో ఎండ తగ్గించాలన్నా, తేమ నిలపాలన్నా, గాలి ఆపాలన్నా మనిషే చూసుకోవాలి. ఎండ నేరుగా పడితే ఆకు మాడుతుంది, నీళ్ళు చాలకపోతే వాడుతుంది, నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. ఇంత సుకుమారమైన పంటను సముద్రానికి ఇంత దగ్గర్లో పెంచడం నాకు ఎప్పుడూ సాహసంగానే కనిపిస్తుంది.

పెద్దాయన కొడుకు ఫోన్లో చెన్నై చూపిస్తున్నాడు. విమానాశ్రయం రన్‌వే మీద నీళ్ళు. తుపాను పేరు మిచాంగ్. రేపు మధ్యాహ్నం లోపో తర్వాతో నెల్లూరుకూ మచిలీపట్నానికీ మధ్య, బాపట్ల దగ్గర తీరం దాటుతుందని వాతావరణ శాఖ మాట. నిజాంపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. బాపట్ల ఇక్కడికి దాదాపు 40 కిలోమీటర్లు.

"డెబ్బై ఏడులో నాకు పెళ్ళి కూడా కాలా," అంటాడు పెద్దాయన. "నవంబరు పందొమ్మిది. దివిసీమలో మనుషులే కొట్టుకుపోయారు, ఇంక తోటలెవరికి గుర్తు? తొంభై మేలో మళ్ళీ ఒకటి. ఆ రెండుసార్లూ కబురు ఇంత ముందు రాలా. ఇప్పుడు రోజంతా చేతిలో ఉంది. కానియ్యండి."

ముందు కోత. కార్తీక సోమవారం, పైగా పెళ్ళిళ్ళ కాలం, ఆకుకు గిరాకీ ఉంది. కింది నుంచి ముదురు ఆకులు కోసుకుంటూ పోతారు. తీగ బరువు తగ్గుతుంది, చేతికి నాలుగు రూపాయలు వస్తాయి. కోసేవాళ్ళు గోటితో తొడిమ తుంచే వేగాన్ని మీ కన్ను అందుకోలేదు. తడిసిన ఆకును అలాగే కట్ట కడితే లోపల వేడెక్కి నల్లబడుతుంది. అందుకని ఇంటి వసారాలో గోనెపట్టాలు పరిచి, నీళ్ళు కారిపోయేదాకా ఆరబోసి, అప్పుడు ఆడవాళ్ళు లెక్కపెట్టి కట్టలు కడతారు. ఇంత హడావుడిలోనూ ఆ పని ఎవరూ తొందరపెట్టరు.

అసలు తగవు కోత అయ్యాక మొదలైంది. కొడుకు కొడవలి పట్టుకుని అవిశ కొమ్మలు నరుకుతానంటాడు. తల్లికి ఒప్పుదల లేదు.

"నీడ పోతే ఆకేం గావాల్రా? తుపాను పోయిన మర్నాడు ఎండ కాయదా?"

"చెట్టే పడిపోతే నీడ ఎక్కడిదమ్మా?"

ఇద్దరి మాటా నిజమే. అవిశ త్వరగా ఎదిగే చెట్టు. కర్ర మెత్తన, కొమ్మ గుబురు. గుబురులో గాలి చిక్కుకుంటే చెట్టు నడుముకు విరుగుతుంది, లేదంటే నానిన నేలలోంచి వేళ్ళతో సహా లేస్తుంది. దాన్ని పట్టుకున్న తీగలన్నీ దానితోపాటే పోతాయి. నీడ కొంత వదులుకుంటే చెట్టు మిగులుతుంది. చివరికి పెద్దాయన తీర్పు చెప్పాడు: తూర్పు, ఈశాన్యం వైపు రెండు వరుసలు బాగా పలచన చెయ్యాలి, లోపలివాటికి తల మాత్రం కత్తిరించాలి, నడిమి వరుసల జోలికి పోకూడదు. తుపాను కేంద్రం మనకు పడమరగా ఉత్తరానికి పోతే గాలి ఈశాన్యంలో మొదలై తూర్పుకు, అక్కణ్ణుంచి ఆగ్నేయానికి తిరుగుతుంది. ఆ లెక్క ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నరికిన కొమ్మలను మోసుకుపోయి మేకలకు వేయడం మీ వంతు. వాటికి అవిశాకు పండగ. తిరిగి వచ్చేసరికి వెదురు బొంగులు దించుతున్నారు. మనిషి భుజం ఎత్తులో చెట్టుకూ చెట్టుకూ అడ్డంగా బొంగు పెట్టి తాడుతో బిగిస్తారు. వరుసంతా ఒక్కటిగా ఊగితే ఒంటిగా విరగదని. ముడి బిగుతుగా ఉండాలి, తాడు మాత్రం తీగను ఒరుసుకోకూడదు. మీరు కట్టిన మొదటి ముడిని పెద్దాయన మాట్లాడకుండా విప్పి మళ్ళీ కడతాడు.

గాలి సంగతి ఇంతటితో సరి. పెద్దాయన బెంగంతా నీళ్ళ మీదే ఉంది. గాలి ఒక పూటలో పోతుంది, దాని దెబ్బ కంటికి కనపడుతుంది. నీరు వారం తర్వాత చంపుతుంది. నల్లరేగడి నీళ్ళు పట్టుకుంటే వదలదు. వేరుకు ఊపిరాడక మెత్తబడ్డ చోట ఫైటోఫ్తోరా అనే తెగులు దూరుతుంది. పైన ఆకు పచ్చగానే ఉండి ఉన్నట్టుండి వేలాడుతుంది. మొదలు దగ్గర గీరి చూస్తే తీగ నల్లగా, జిగటగా, కుళ్ళు వాసనతో ఉంటుంది. అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ. అందుకే మధ్యాహ్నం అన్నాలు కూడా తినకుండా బోదెల్లో పూడిక తీస్తున్నారు. ప్రతి రెండు వరుసల నడుమా బోదె, బోదెలన్నీ తోట చివర పెద్ద కాలువలోకి, అది మురుగుకాలువలోకి.

"బయటి కాలువ నిండితే?" అని మీరు అడుగుతారు.

"మంచి మాట అడిగావు. నిండితే అది మనవైపు ఎదురు తన్నుద్ది."

అందుకు ఇసుక బస్తాలు సిద్ధం. కృష్ణా పశ్చిమ డెల్టాలో పల్లం ఎప్పుడూ సముద్రం వైపే. పైనున్న ఊళ్ళ నీళ్ళన్నీ ఈ మురుగుకాలువల మీదుగానే దిగాలి. సముద్రం పోటు మీద ఉంటే అవి కదలవు. బయటి నీరు తోట నీటికంటే పైకి లేవగానే మూతి బస్తాలతో మూసి, లోపలి నీళ్ళను ఎత్తి పోయాలి. కరెంటు మోటారును నమ్ముకోవడానికి లేదు, గాలి పెరిగితే సరఫరా ఆపేస్తారు. స్టార్టరు పెట్టెను విప్పి ఇంటికి తీసుకుపోయారు. ఆయిల్ ఇంజను తెచ్చి గట్టుమీద పెట్టి, డీజిలు నింపి, ఫుట్‌వాల్వు కడిగి, ఒకసారి తిప్పి చూశారు. మొదటిసారి దగ్గి ఆగింది. రెండోసారి అందుకుంది.

చీకటి పడుతుండగా పెద్దావిడ మిమ్మల్ని తోట నడిమికి తీసుకుపోతుంది. ఆరోగ్యంగా ఉన్న తీగల కొనలు వెతికి, నాలుగైదు కణుపుల చొప్పున కత్తిరించి, చిన్న కట్టలుగా తడి గోనెలో చుడుతుంది. తోట మొత్తం పోయినా మళ్ళీ నాటుకోవడానికి విత్తనపు తీగ. వాటిని మిట్టమీద ఉన్న కొట్టంలో నీడన పెడుతుంది. ఆ రోజు జరిగిన పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచింది ఇదే. తోట నిలవాలని పగలంతా ఒళ్ళు హూనం చేసుకున్న మనిషే, నిలవకపోతే ఏమిటన్నది కూడా బెదరకుండా ఆలోచించింది.

ఇంకో పని మిగిలింది. కొడుకు ఫోనుతో వరుస వరుసా ఫొటోలు తీస్తాడు. ఇది కౌలు తోట. కౌలు రైతుకు పంట సాగుదారు హక్కుల కార్డు (సీసీఆర్‌సీ) ఉండాలి, పంట ప్రభుత్వ ఈ-క్రాప్ నమోదులో ఎక్కి ఉండాలి. అప్పుడే నష్టం రాసేవాళ్ళ జాబితాలో పేరు ఉంటుంది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చినా, కార్డు ఇవ్వాలంటే భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. పెట్టని యజమానులు ఎంతోమంది. వానలో మోకాలి లోతున నిలబడేది ఒకరు, పరిహారం పడే ఖాతా మరొకరిది. ఈ అన్యాయం ప్రతి తుపానుకూ కొత్తగా బయటపడుతుంది, నీళ్ళు తీసేసరికి మరుగున పడుతుంది. ఈ ఇంట్లో కార్డు ఉంది. దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టారు.

మంగళవారం. మధ్యాహ్నం పన్నెండున్నరకూ రెండున్నరకూ మధ్య మిచాంగ్ బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది. తీరంలో గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, ఉండుండి 110. మీరు వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. గాలి చప్పుడులో పక్కవాడి మాట వినపడదు. తాటిచెట్లు ఒకేవైపు జుట్టు విరబోసుకున్నాయి. తోటవైపు ఎవరూ చూడరు, చూసినా వాన తెర తప్ప ఏమీ లేదు. గాలి తూర్పు నుంచి ఆగ్నేయానికి మళ్ళిందని వసారాలోకి కొట్టే జల్లును బట్టే తెలిసింది.

సందెవేళకు గాలి తగ్గగానే అందరూ పరుగు. మురుగుకాలువ గట్టు తన్నుకుని పారుతోంది. మూతి దగ్గర నీళ్ళు లోపలికి ఎగదోసుకొస్తున్నాయి. బస్తాలు అందుకోండి! ఒకటి, ఇంకొకటి, సందుల్లో బురద. ఇంజను అందుకుంది. ఆ రాత్రంతా దాని చప్పుడు ఆగకుండా చూడటమే పని. మధ్యలో నాచూ ఆకులూ ఫుట్‌వాల్వుకు అడ్డం పడితే, చలికి వణుకుతూ నీళ్ళలో చెయ్యి పెట్టి పీకేది మీరే.

బుధవారం పొద్దున లెక్క తేలింది. అంచు వరుసల్లో చెట్లు కొన్ని విరిగాయి. లోపలి వరుసలు ఒరిగాయి గాని, బొంగులు పట్టి నిలబెట్టాయి. దారి పొడవునా కోసి పడేసిన వరి పనలు నీళ్ళలో తేలుతుండగా చూసి వచ్చిన మీకు ఈ తోట అదృష్టంగానే కనిపిస్తుంది. విరిగిన చెట్టు నుంచి తీగను లాగబోతారు మీరు. "లాగొద్దు!" అని పెద్దావిడ కేక. చెట్టును కిందికి కోసి, తీగను మెల్లగా దించి, చుట్టగా నేలమీద పడుకోబెట్టి, కణుపుల మీద మట్టి ఎగదోస్తే అక్కడే మళ్ళీ వేళ్ళు తొడుగుతుంది. కప్పు పోయిన చోట కొబ్బరి మట్టలు అడ్డం వేశారు. తల్లి అన్నట్టే మబ్బు విడితే ఆకు మాడుతుంది.

నేల అడుగు పెట్టేంత ఆరాక, ప్లాస్టిక్ డ్రమ్ములు తెచ్చారు. వంద లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. రెండూ వేరువేరుగా కరిగించాలి, ఇనుప పాత్ర తగలనివ్వకూడదు. తుత్తం నీళ్ళను సున్నం నీళ్ళలోకి సన్నగా పోస్తూ కర్రతో తిప్పుతుంటే ఆకాశం రంగు బోర్డో మిశ్రమం తయారవుతుంది. దీన్నే ఇప్పుడు మొదళ్ళలో పోయాలి. కొడుకు చెంబు ముంచబోతుంటే పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ముందు కత్తి ముంచి చూడరా. ఎర్రమచ్చ పడితే సున్నం చాల్లేదని. వేర్లే కాలిపోతాయి."

కత్తి తెల్లగానే వచ్చింది. ఈశాన్యం మూల నుంచి మొదలుపెట్టారు.