భర్మారు – తోటా : నల్లగొండ పోరాట చరిత్రలో ఆయుధ పదజాలం

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్ని (1946–51) చిత్రించిన రచనల్లో ‘తుపాకి’ అన్న ఒక్క మాటే తరచుగా కనిపిస్తుంది. దళసభ్యుని చేతిలోనిదీ తుపాకే, అతనిని వెంటాడిన సిపాయి చేతిలోనిదీ తుపాకే. ఈ ఏకపదం ఆ ఇద్దరి మధ్యనున్న అసమానతను మరుగుపరుస్తున్నది. మిర్యాలగూడ, సూర్యాపేట, నిడమనూరు ప్రాంతాలతో కూడిన నాటి నల్లగొండ జిల్లా ఈ పోరాటానికి ప్రధాన క్షేత్రం కనుక, అక్కడి ఆయుధ పదాలను విడివిడిగా పరిశీలించడం అవసరం.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలైన నాటికి ప్రజల చేతుల్లో ఉన్నవి గుత్పలు, వడిసెలలు. తరువాత వాటికి భర్మార్లు తోడయ్యాయి. ‘భర్’ అంటే నింపు, ‘మార్’ అంటే కొట్టు. ఆ ఆయుధం పనితీరే దాని పేరు. సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన మందును గొట్టం మూతి నుంచి పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. ఒకసారి పేల్చాక ఈ తతంగమంతా మళ్లీ మొదలు. మందు తడిస్తే అంటుకోదు. పేలితే లేచే తెల్లని పొగ పేల్చినవాని చోటును పట్టిస్తుంది.

ఈ లోపాలలో మొదటి రెండింటిని తీర్చినది తోటా. మందు, గుండు, నిప్పురవ్వనిచ్చే టోపీ మూడూ ఒక్క లోహపు గొట్టంలో ఇమిడిన తరువాతనే వరుసగా పేలే రైఫిల్ ఆచరణసాధ్యమైంది. 1860 నాటి అమెరికన్ హెన్రీ రైఫిల్ అటువంటిదే. అయినా లోపలి మందు పాతదే కనుక పొగ, గొట్టంలో పేరుకునే మసి పోలేదు. 1888లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్ తోటాలోనూ మొదట సుమారు నాలుగున్నర గ్రాముల నల్లని మందునే అదిమి నింపారు. 1890ల ఆరంభంలో పొగ తక్కువగా ఉండే కార్డైట్ దాని స్థానాన్ని ఆక్రమించింది. ఆ తోటా వారసత్వమే ‘త్రీ నాట్ త్రీ’. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాష్ట్రంలో ప్రవేశించిన భారత సైనికుల రైఫిల్ అదే. దానిలో పది తోటాలు పట్టేవి.

నేటి తెలుగులో ‘తూటా’ అంటే కేవలం గుండు అన్న అర్థం స్థిరపడింది. తోటా అన్న రూపానికి గుండూ మందూ కలిసిన మొత్తమని అర్థం. ఈ అర్థసంకోచంతో ఒక చారిత్రక భేదం కూడా చెరిగిపోయింది. మందు దట్టించుకొనే మనిషికి, మీట లాగితే మరో తోటా అందే మనిషికి నడుమ జరిగిన పోరులో క్షణాల వ్యవధే ప్రాణాలను నిర్ణయించగలదు. చీకటి, మాటు, దగ్గరి దెబ్బ భర్మారు పట్టినవానికి ఎందుకు అవసరమో దీనివల్ల బోధపడుతుంది. కాబట్టి పోరాట సాహిత్యాన్ని పరిష్కరించేటప్పుడు భర్మారును ‘తుపాకి’గా మార్చడం భాషా సౌలభ్యం మాత్రమే కాదు, సాక్ష్యాన్ని కోల్పోవడం.