క్యాండిల్‌మాస్: మంద్రస్థాయిలో నాలుగు దశాబ్దాలు

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో బేస్ గిటార్ వాద్యకారుడు లీఫ్ ఎడ్లింగ్ 1984లో నెలకొల్పిన రాక్ సంగీత బృందం క్యాండిల్‌మాస్. హెవీ మెటల్‌లో ‘డూమ్’గా పేరొందిన శాఖకు దీనిని ప్రామాణిక బృందాలలో ఒకటిగా పరిగణిస్తారు. డూమ్ అంటే దుర్విధి, వినాశనం. సమకాలికులు వేగంలో పోటీపడుతున్న ఆ రోజుల్లో ఎడ్లింగ్ విలంబకాలాన్ని ఎంచుకున్నారు.

ఈ బాణీకి మూలం బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్. అక్కడి బ్లాక్ సబ్బాత్ బృందపు గిటారిస్టు టోనీ అయోమీ 17 ఏళ్ల వయసులో రేకుల కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు కోల్పోయారు. ఎడమచేతి వాటం కావడంతో ఆయన తీగలు నొక్కవలసినది ఆ వేళ్లతోనే. వాటికి తొడుగులు చేసుకుని, సన్నని తీగలు బిగించుకున్నారు. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో శ్రుతిని కూడా బాగా దించారు. ఆ బరువైన మంద్రనాదమే డూమ్‌కు పునాది.

క్యాండిల్‌మాస్ దానికి ఒపేరా తరహా గాత్రాన్ని జోడించింది. తొలి ఆల్బమ్ ‘ఎపికస్ డూమికస్ మెటాలికస్’ 1986లో వెలువడింది. ఉన్నవి ఆరు పాటలే. వాటిలో ‘డీమన్స్ గేట్’ 9 నిమిషాలు దాటుతుంది. మూడు నిమిషాల పాటకు అలవాటుపడిన శ్రోతకు కొంత ఓపిక అవసరమే. గిటార్లు ఒకే స్వరగుచ్ఛాన్ని నిదానంగా మళ్లీ మళ్లీ పలికిస్తుంటే, వాటిపై యోహాన్ లెంగ్‌క్విస్ట్ కంఠం దీర్ఘంగా సాగుతుంది. అయితే ఆయన బృంద సభ్యుడు కారు, ఆ ఆల్బమ్ కోసం పాడిన అతిథి. అమ్మకాలు నిరాశపరచడంతో ఫ్రెంచ్ రికార్డుల సంస్థ బ్లాక్ డ్రాగన్ బృందాన్ని వదులుకుంది.

1987లో ‘నైట్‌ఫాల్’తో వచ్చిన మెస్సయ్య మార్కోలిన్ క్రైస్తవ సన్యాసి అంగీతో వేదికనెక్కి బృందానికి ఖ్యాతి తెచ్చారు. షోపాన్ శవయాత్రా గీతం కూడా అందులో గిటార్లపై వినిపిస్తుంది. ఆ తరువాత గాయకులు పలుమార్లు మారారు. ఆదరణకు నోచుకోని తొలి ఆల్బమ్ మాత్రం కాలక్రమంలో ఆ శాఖకు కొలమానమైంది. ‘ఎపిక్ డూమ్’ అన్న మాట దాని పేరుతోనే ముడిపడింది.

32 ఏళ్ల తరువాత, 2018లో లెంగ్‌క్విస్ట్ తిరిగివచ్చారు, ఈసారి పూర్తిస్థాయి సభ్యునిగా. 2019 నాటి ‘ది డోర్ టు డూమ్’లో ఒక పాటకు అయోమీయే గిటార్ వాయించారు. ఆ పాట 2020 గ్రామీ పురస్కారాలకు నామినేట్ అయింది. పురస్కారం అమెరికా బృందం టూల్‌కు దక్కింది. 2022లో విడుదలైన ‘స్వీట్ ఈవిల్ సన్’లోనూ గాత్రం లెంగ్‌క్విస్ట్‌దే.