బీరు లేని బీరు ఆట

సిస్టమ్స్ ఇంజనీరింగ్, మోడలింగ్ అని వినగానే మనకేం అర్థమవుతుందిలే అనిపిస్తుంది. అమెరికాలో ఎమ్మెస్ చేసే పిల్లలు ఫోనులో ఆ పేర్లు చెబితే ఊఁ కొట్టి ఊరుకుంటాం. కాని ఈ చదువులో సిస్టమ్ డైనమిక్స్ అనే శాఖ పుట్టింది ఎక్కడనుకున్నారు? ఫ్రిజ్జులు, బట్టలుతికే మిషన్లు చేసే ఫ్యాక్టరీల గొడవలోంచి!

జే ఫారెస్టర్ అని ఒకాయన. 1918లో నెబ్రాస్కాలో, పశువులు పెంచుకునే కుటుంబంలో పుట్టాడు. హైస్కూల్లో ఉండగానే పాత కారు సామాన్లతో గాలిమర కట్టి ఇంటికి మొట్టమొదటిసారి కరెంటు తెచ్చాడు. 1939లో పైచదువుకు ఎం.ఐ.టి.లో చేరాడు. యుద్ధం తర్వాత కంప్యూటరు కట్టాడు. దాని జ్ఞాపకశక్తి కోసం చిన్న చిన్న అయస్కాంతపు పూసల్లోంచి తీగలు దూర్చే పద్ధతి కనిపెట్టాడు. (తర్వాత ఆ పూసలు గుచ్చిన చేతులు చాలావరకు ఆడవాళ్ళవే. వాళ్ళలో చాలామంది పేర్లు మనకు తెలియవు.)

1956లో ఆయన అక్కడి మేనేజిమెంట్ స్కూలుకు మారాడు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ వారి బాధ ఆయన చెవిన పడింది. కెంటకీలోని ఫ్యాక్టరీల్లో ఒకప్పుడు మూడు నాలుగు షిఫ్టులు నడిచినా పని తెమలదు. కొన్నేళ్ళు తిరిగేసరికి సగంమందిని ఇంటికి పంపాల్సి వస్తుంది. వ్యాపారంలో ఎగుడుదిగుళ్ళు మామూలేనని అందరూ సరిపెట్టుకున్నారు. ఫారెస్టర్ మాత్రం సరుకు నిలవ చూసి మనుషుల్ని ఎలా పెంచుతారో, ఎలా తగ్గిస్తారో అడిగి తెలుసుకున్నాడు. నోటుబుక్కులో గళ్ళు గీసి, పెన్సిలుతో వారం వారం లెక్క వేశాడు. తీరా చూస్తే, బయటినుంచి వచ్చే ఆర్డర్లు ఏమాత్రం మారకపోయినా పనివాళ్ళ సంఖ్య పెరుగుతూ తరుగుతూనే ఉంది!

పులుసులో ఉప్పు వేసి, అది కరగకముందే రుచి చూసి, చాలలేదని ఇంకో చిటికెడు వేస్తామే, అలాంటిదే ఇదీ. పులుసైతే పారబోసి మళ్ళీ పెట్టుకుంటాం. అక్కడ పోయింది మనుషుల జీతాలు.

ఈ సంగతే విద్యార్థులకు ఒంటబట్టాలని 1960లలో ఎం.ఐ.టి.లో ఒక ఆట తయారుచేశారు. పేరు బీరు ఆట. ముఖం చిట్లించకండి, అందులో చుక్క బీరుండదు. ఉండేవి బిళ్ళలూ, చీటీలూ. నలుగురు కూర్చుంటారు. ఒకరు చిల్లరకొట్టు, ఒకరు టోకు వ్యాపారి, ఒకరు డిస్ట్రిబ్యూటరు, ఒకరు ఫ్యాక్టరీ. మాట్లాడుకోకూడదు. పక్కవారికి చీటీమీద ఆర్డరు రాసి ఇవ్వడమే. అడిగిన సరుకు చేతికందేది కొన్ని వారాల తర్వాత. నిలవ ఉంటే పెట్టెకు అర డాలరు ఖర్చు, అడిగినప్పుడు లేకపోతే డాలరు.

కాసేపటికే కొట్లో సరుకు అయిపోతుంది. ఎక్కువ రాస్తారు. రాలేదని ఇంకా ఎక్కువ రాస్తారు. ఆ కంగారు ఫ్యాక్టరీ చేరేసరికి కొండంత అవుతుంది. తర్వాత సరుకంతా ఒక్కసారి వచ్చి పడుతుంది, ఇక ఆర్డర్లు సున్న. ఆడినవాళ్ళేం తెలివితక్కువవాళ్ళు కారు. అయినా జాన్ స్టెర్మన్ అనే ప్రొఫెసరు 1989లో లెక్క తీస్తే, వాళ్ళ ఖర్చు కావలసినదానికి సగటున పదింతలు తేలింది.

ఆట అయ్యాక, కొట్టుకొచ్చి కొన్నవాళ్ళు వారం వారం ఎన్ని పెట్టెలు అడిగి ఉంటారో బొమ్మ గీయమంటారు. ఫ్యాక్టరీ నడిపిన పిల్లవాడు కొండలూ లోయలూ గీస్తాడు. అప్పుడు అసలు లెక్క చూపిస్తారు. మొదటి నాలుగు వారాలు నాలుగేసి పెట్టెలు. అయిదో వారం నుంచి ఎనిమిది. ఆట ముగిసేదాకా ఆ ఎనిమిదే.