మరుగుదొడ్డి ఎందుకు పూడుకుంటుంది? – ఒక చిన్న చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన కార్యదర్శిగారు అడిగితే వెంటనే ఒప్పుకున్నాను. ఏ విషయం మీద అని వారు అడగలేదు. ఏ కోట గురించో, శాసనం గురించో రాస్తాననుకుని ఉంటారు. నేను పురపాలక సంఘాల ఇంజనీరింగ్ విభాగంలో 33 సంవత్సరాలు మురుగు కాలువల వాలు కొలిచి, 2003లో రిటైరైనవాణ్ణి. నాకు తెలిసిన చరిత్ర నేల మీద కన్నా నేల కిందే ఎక్కువ. పైగా మన నెలవారీ సమావేశాల్లో డి.ఎ. బకాయిల తరువాత ఎక్కువగా వినబడేది "మా ఇంట్లో లెట్రిన్ మళ్ళీ జామ్ అయిందండీ" అన్న మాటే. కనుక పాఠక మిత్రులు ముక్కు మూసుకోకుండా చివరిదాకా చదవాలని మనవి.

నేను 1945లో పుట్టాను. మా చిన్నతనంలో మా పట్టణంలో లెట్రిన్ పూడుకోవడం అన్న మాటే లేదు. పూడుకోవడానికి గొట్టమంటూ ఉంటే కదా! పెరటి చివర గోడవారగా చిన్న గది, లోపల రెండు రాళ్ళు, వాటి కింద రేకు డబ్బా. వెనక సందులోకి చిన్న తలుపు. తెల్లవారకముందే ఒకామె ఆ సందులో వచ్చి, డబ్బాలోది బకెట్టులోకి ఎత్తుకుని, నెత్తిన పెట్టుకుని పోయేది. ఆమె వచ్చే వేళకు పిల్లలం పెరట్లో ఉండకూడదు. పండగనాడు మా నాయనమ్మ ఆమె చెంగులో పై నుంచి పిండివంటలు వేసేది. పదిహేనేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను. ఆమె పేరేమిటో నాకు తెలియదు. అడగాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

వంపు కథ

మురుగును గొట్టంలో పంపడం కొత్త విద్య కాదు. దాదాపు 4,500 సంవత్సరాల క్రితమే మొహెంజొదారోలో ఇళ్ళ స్నానాల గదుల నుంచి వీధి కాలువల్లోకి ఇటుక తూములు కట్టారు. ఆ కాలువల పైన మూతలుండేవి. అక్కడక్కడ మడ్డి దిగడానికి గుంటలుండేవి. మూత తీసి శుభ్రం చేసుకునే వీలు కూడా ఉంచారు. అంటే కాలువ కట్టినవాడికి అది ఎప్పుడో ఒకప్పుడు పూడుతుందని తెలుసునన్నమాట.

1596లో ఇంగ్లండులో సర్ జాన్ హారింగ్టన్ నీళ్ళు వదిలితే కొట్టుకుపోయే మరుగుదొడ్డి గురించి పుస్తకం రాశాడు. తన పినతల్లి వరస కాకపోయినా తనకు నామకరణపు పెద్దగా నిలిచిన ఎలిజబెత్ రాణికి ఒకటి ఏర్పాటు చేశాడు కూడా. కాని అది జనంలోకి రాలేదు. కింది నుంచి వచ్చే దుర్వాసనను ఆపే మార్గం అందులో లేదు. ఆ మార్గం 1775లో దొరికింది. అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు బేసిన్ కింది గొట్టాన్ని ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంచి పేటెంటు తీసుకున్నాడు. ఆ వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్ళు నిలిచి ఉంటాయి. ఆ నీళ్ళే వాసనకు తలుపు. మనం ట్రాప్ అంటున్నది దాన్నే. మామూలు బేసిన్ ట్రాపులో రెండంగుళాల నీరు నిలుస్తుంది. ఆ రెండంగుళాల నీరు లేకపోతే మరుగుదొడ్డి పెరటి చివరి నుంచి పడకగది పక్కకు వచ్చేదే కాదు.

అయితే ఏ వంపు వాసనను ఆపిందో, ఆ వంపే గుడ్డపీలికనూ ఆపుతుంది. ఇంట్లో లెట్రిన్ పూడటానికి అసలు కారణం 1775 నాటి ఆ మేలే. నీళ్ళు దాటగలవు, నీళ్ళలో నానిపోయేవి దాటగలవు, నానని వస్తువు అక్కడ చిక్కుకుంటుంది.

ఈ వంపు చేసిన రెండవ పని మన కంటికి ఆనదు. వంపు దాటినదాన్ని మనం మరిచిపోతాం. లండనులో ఇళ్ళ నిండా నీళ్ళ మరుగుదొడ్లు వచ్చాక ఆ మురుగంతా థేమ్స్ నదిలో చేరింది. 1858 వేసవిలో కంపు భరించలేక పార్లమెంటు భవనం తెరలను సున్నపు క్లోరైడులో తడిపి కట్టారు. ఆ తరువాతే జోసఫ్ బాజల్‌గెట్ ఆధ్వర్యంలో పెద్ద భూగర్భ కాలువలు తవ్వారు. మన హైదరాబాదులో 1908 సెప్టెంబరు మూసీ వరదల తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన వరద నివారణకు జలాశయాలతో పాటు నగరానికి భూగర్భ మురుగు పారుదల అవసరాన్ని కూడా చెప్పారు.

చిన్న పట్టణాలకు అంత యోగం పట్టలేదు. మనకు దక్కింది సెప్టిక్ ట్యాంకు. ఫ్రాన్సులో లూయి మూరా అనే ఆయన 1881లో అలాంటి తొట్టికి పేటెంటు తీసుకున్నాడు. 1895 ప్రాంతంలో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో డొనాల్డ్ కామెరాన్ దానికి సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టాడు. మడ్డి కింద దిగుతుంది, జిడ్డు పైన తేలుతుంది, మధ్య నీరు ఇంకుడు గుంటకు పోతుంది. రెండు మూడేళ్ళకోసారి మడ్డి తీయించాలి. ఆ సంగతి ఊళ్ళో అందరికీ చెప్పే ఉద్యోగం నాది.

1994 సంక్రాంతి

చెప్పే ఉద్యోగమే గాని, చేసే బుద్ధి లేదు. 1982లో కట్టుకున్న మా ఇంటి ట్యాంకు పన్నెండేళ్ళు తెరవలేదు. 1994 సంక్రాంతికి కొత్త అల్లుడు, వియ్యాలవారు వచ్చారు. భోగినాడు పొద్దున్నే లెట్రిన్ పొంగింది. అప్పటి నా అవస్థ మీరు ఊహించగలరు. "ట్యాంకు నిండిపోయి ఉంటుందండీ, మనిషిని పిలిపించండి" అంది మా ఆవిడ. నాకూ అదే తోచింది. పిలిపించాను.

అన్నదమ్ములిద్దరు వచ్చారు. మూత జరిపారు. అన్న నడుముకు తాడు కట్టుకుని బకెట్టుతో లోపలికి దిగాడు. నాలుగైదు బకెట్లు పైకి వచ్చాయి. ఆ తరువాత కింద నుంచి మాట లేదు. తమ్ముడు పిలిచాడు, పలకలేదు. మేమంతా కలిసి తాడు లాగాం. మనిషి స్పృహ లేకుండా పైకి వచ్చాడు. అరుగు మీద పడుకోబెట్టి విసిరాం, రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. సాయంత్రానికి కళ్ళు తెరిచాడు. తాడు లేకపోతే ఆ రోజు మా పెరట్లో ఏం జరిగేదో నేను వేరే చెప్పనక్కరలేదు. ఆ ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు మొదట కుళ్ళు గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది. కనుక వాసన తగ్గిందంటే గండం గడిచినట్టు కాదు.

లెట్రిన్ మాత్రం బాగుపడలేదు. మర్నాడు నేనే వెదురు బద్ద తీసుకుని బేసిన్ వంపులో తిప్పాను. పది నిమిషాల్లో బయటికి వచ్చింది – ఇల్లు తుడిచే గుడ్డ. పండగ హడావుడిలో ఎవరో తుడిచిన బకెట్టును గుడ్డతో సహా బేసిన్‌లో కుమ్మరించారు. ట్యాంకుతో దానికి సంబంధమే లేదు. ఊరి మురుగు లైన్లలో అడ్డం ఎక్కడుందో కనిపెట్టడమే వృత్తిగా బతికినవాణ్ణి, నా ఇంట్లో కనిపెట్టకుండానే ఒక మనిషిని గోతిలోకి దింపాను. ఆస్పత్రిలో ఆయన పేరు అడిగాను. నా జీవితంలో ఆ పని చేసేవారి పేరు అడగడం అదే మొదటిసారి.

1993లో వచ్చిన చట్టం పొడి మరుగుదొడ్లనూ, చేతులతో మలం ఎత్తించడాన్నీ నిషేధించింది. దాని అమలు కోసం దశాబ్దాల పాటు పోరాడిన సఫాయి కర్మచారి ఆందోళన్‌కు నాయకుడు బెజవాడ విల్సన్. కోలారు బంగారు గనుల్లో ఆ పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయనకు 2016లో మెగసెసె అవార్డు వచ్చింది. మనలో చాలామందికి అధికారిగా తెలిసిన ఎస్.ఆర్. శంకరన్‌గారు ఆ ఉద్యమానికి అండగా నిలిచారు. 2013 చట్టం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి దింపడాన్ని కూడా నేరం చేసింది. మొదటిసారికే రెండేళ్ళ వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది గృహస్థుకూ వర్తిస్తుంది. ఇలా చనిపోయినవారి కుటుంబాలకు 2014లో పది లక్షలు ఇవ్వాలన్న సుప్రీంకోర్టు, 2023లో ఆ మొత్తాన్ని ముప్ఫై లక్షలకు పెంచింది. కోర్టు మొత్తం పెంచవలసి వచ్చిందంటే చావులు ఆగలేదనే అర్థం.

ఇంట్లో చేసుకోవలసినవి

ముందు అడ్డం ఎక్కడుందో చూడండి. ఒక్క బేసినే పొంగి, మిగతావి బాగుంటే అడ్డం ఆ బేసిన్ వంపులో ఉంది. అన్నీ ఒకేసారి మొరాయిస్తే బయటి చాంబరు మూత తీయండి. చాంబరు ఖాళీగా ఉంటే అడ్డం ఇంటికీ చాంబరుకూ మధ్య. నిండి ఉంటే దాని అవతల. ఈ పరీక్షకు అయిదు నిమిషాలు చాలు.

వంపులో అడ్డానికి రబ్బరు కప్పు పంపు వాడండి. కప్పు నీళ్ళలో మునిగి ఉండాలి, పదిహేను ఇరవై సార్లు ఆగకుండా నొక్కి లాగాలి. లొంగకపోతే స్ప్రింగు తీగ. సలసల కాగే నీళ్ళు పోస్తే పింగాణీ పగలవచ్చు. యాసిడ్ గుడ్డను కరిగించదు. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఈ రెండూ ఎన్నడూ కలపకండి.

మన వయసువారి ఇళ్ళకు ఒక ప్రత్యేక హెచ్చరిక. మోకాళ్ళ నొప్పులకు కమోడు పెట్టించుకుంటాం, కింద పాత గొట్టమే ఉంటుంది. పాత గొలుసు తొట్టి పది లీటర్ల పైగా వదిలేది. ఇప్పటి తొట్టి ఆరు, మూడు లీటర్లే. కనుక రోజూ ఒకసారి పెద్ద బకెట్టెడు నీళ్ళు వేగంగా కుమ్మరించండి. తడి కాగితపు తుడుపు గుడ్డలు, డయాపర్లు, దూది, శానిటరీ ప్యాడ్లు, వెంట్రుకలు, పీచు బేసిన్‌లో వేయకండి. కవరు మీద ఏమి రాసి ఉన్నా సరే.

కొత్తగా కట్టించుకునేవారు నాలుగంగుళాల గొట్టానికి నలభై అడుగులకు ఒక అడుగు వాలు ఉండేలా మేస్త్రి దగ్గర నిలబడి చూసుకోండి. మలుపు దగ్గర చాంబరు, కప్పు పైదాకా గాలి గొట్టం తప్పనిసరి. ట్యాంకు మడ్డి పంపు లారీతో మాత్రమే తీయించండి. లారీ సందులోకి రాదంటే పొడవాటి పైపు వేయమనండి, మనిషిని మాత్రం దింపకండి. పట్టుకోలేక మూత దగ్గరికి మీరూ వంగి చూడకండి.

నిరుడు మా ఇంట్లో మళ్ళీ పూడింది. మనవడు ఫోను తీసి ఎవరినో పిలవబోయాడు. "ఆగు నాన్నా, ముందు చాంబరు మూత తీసి చూద్దాం" అన్నాను. చాంబరు ఖాళీ. రబ్బరు కప్పుతో వాడే నొక్కాడు. షాంపూ ప్యాకెట్టు ఒకటి బయటపడింది. ఆ రోజు మా పెరట్లోకి ఎవరూ దిగవలసిన అవసరం రాలేదు.