శత్రువు వ్రాసిన సాక్ష్యము

ఆకాశమునుండి వచ్చిపడు యుద్ధము గోదావరీతీరమునకు క్రొత్తది కాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను, కోనసీమకు పొరుగుననే యున్న కాకినాడ మీదను బాంబులు వేసినవి. క్రిందనున్నవారి భయము మనమెరిగినదే. పైన విమానమున నొంటిగా కూర్చుండి పోరాడువాని హృదయమెట్టిదో తెలియవలెనన్న స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బోపయ్య దేవయ్య చరిత్ర చదువదగినది.

ఆయన కొడగుసీమవాడు. 1932లో జన్మించి, 1954లో వైమానికదళమున జేరెను. భారత పాకిస్థానముల సంగ్రామమున 1965 సెప్టెంబరు 7వ తేదీన మన మిస్టీరు విమానములు 12 ఆదంపూరునుండి సర్గోదా స్థావరముపై దాడికి వెడలినవి. ఆ పండ్రెండుగురిలో దేవయ్య పేరు లేదు. ఏ విమానమైన నాగిపోయినచో ఆ స్థానమును పూరించుటకై ఆయనను నియమించియుండిరి. ఒకటి ఆగిపోయెను, ఆయన వెడలెను. సర్గోదా మిక్కిలి దూరము. పోయి వచ్చుటకే గాని, నడుమ పోరాడుటకు చాలునంత ఇంధనము లేదు.

మరలివచ్చు త్రోవలో అంజద్ హుసేను నడుపు స్టార్‌ఫైటరు విమానము వెన్నాడెను. దాని వేగము ధ్వనివేగమునకు రెట్టింపు. మిస్టీరు దానికి సాటిరాదు. దేవయ్య విమానమునకు దెబ్బ తగిలెను. అప్పు డాయన స్వస్థలాభిముఖుడై పోయినను నిందించువారు లేరు. కాని యాయన వెనుదిరిగి, గాయపడిన విమానముతోనే యెదిరించి, ఆ స్టార్‌ఫైటరును కూల్చెను. అంజద్ హుసేను గొడుగుసాయమున దిగి బ్రదికెను. దేవయ్య తిరిగిరాలేదు.

ఈ పోరును మనవారెవ్వరును చూడలేదు. లెక్కలలో ఆయన కానరాకపోయినవాడు మాత్రమే. ఇంట నిరీక్షించిన భార్యకు భర్త యేమయ్యెనో చెప్పగలవారు లేకపోయిరి. 1979లో జాన్ ఫ్రికర్ అను ఆంగ్లేయుడు పాకిస్థాను వైమానికదళముపక్షమునుండి ఆ యుద్ధమును గూర్చి గ్రంథము ప్రకటించెను. తమ స్టార్‌ఫైటరును కూల్చినది ఒక మిస్టీరు అను సంగతి అందువలన వెల్లడియయ్యెను. విచారణానంతరము 1988లో మన ప్రభుత్వము దేవయ్యకు మరణానంతరము మహావీరచక్రము నొసగెను.

మెచ్చువారుండగా సాహసించుట పలువురకు సాధ్యము. చూచువాడు శత్రువొక్కడే యైనచోట ధర్మము తప్పకుండుట కొందరికే చెల్లును. అట్టివారి ఋణము తీర్చుటకు కన్నీరును పొగడ్తయు చాలవు, సత్యమును వెదకవలెను. అది పగవాని పుస్తకమున దొరికినను, దానిని చదివి, పరిశీలించి, స్వీకరింపవలెను. మన బిడ్డలకు వీరగాథలు చెప్పునపుడు ఈ న్యాయబుద్ధిని గూడ నేర్పుదము.