కోలారు సీమలో కరారులు: రామన్నవాళ్ళు, వస్తామన్నవాళ్ళు

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాం, తీరికగా చదవండి.

మన ఇండ్లలో పిల్లలు ఫోన్లో, కంప్యూటర్లో రాజ్యాలు ఏలే ఆటలు ఆడుతున్నారు. నేషన్ స్టేట్స్ అనే ఆట 2002లో వచ్చింది, సైబర్ నేషన్స్ 2006లో. ఒక్కొక్కరికి ఒక దేశం. కొన్ని దేశాలు కలిసి ఒక కూటమి. కూటమికీ కూటమికీ మధ్య కాగితాలు రాసుకుంటారు. వాటిలో చిన్నది ‘నాప్’. అంటే నీ మీదికి నేను రాను, నా మీదికి నువ్వు రావద్దు, అంతే. దానికి పైమెట్టు ‘ఎండీపీ’. నిన్ను ఎవరైనా కొడితే నేను వచ్చి తీరాలి. ఇంకొకటి ‘ఓడీపీ’, అంటే వస్తే రావచ్చు, రాకున్నా అడగరాదు. తెంచుకోవాలంటే ఇన్ని గంటల ముందు చెప్పాలని కూడా రాసుకుంటారట. ఇదంతా ఏదో కొత్త పిచ్చి అని పెద్దలు విసుక్కుంటున్నారు. కొత్తది ఏమీ లేదు. రెండున్నర వందల ఏండ్ల కిందట చిక్కబళ్ళాపురం కోట చుట్టూ జరిగింది ఇదే. కాకపోతే అక్కడ ఓడితే మళ్ళీ మొదటినుంచి ఆడుకోవడం లేదు.

మేము తమిళ బడిలో చదివినవాళ్ళం. అక్కడ కూడా దీన్ని ‘ఒప్పందం’ అనే అంటారు, మాట మారదు. పరంబు కొండ దొర పారిని చేర, చోళ, పాండ్య రాజులు ముగ్గురూ ఏకమై ముట్టడించిన కథ తమిళ పిల్లలందరికీ తెలుసు. ఒకరితో ఒకరికి పడని ముగ్గురు, ఒక చిన్నవాడి మీద మాత్రం కలిశారు. ఆ కథ తెలిసినవాళ్ళకు మన సీమ చరిత్ర తొందరగా అర్థమవుతుంది.

చిక్కబళ్ళాపురం, దేవనహళ్ళి పాళెగాళ్ళు ఆవతి వంశపు కొమ్మలు, దాయాదులు. 1749లో మైసూరు దండు దేవనహళ్ళిని పట్టుకుంది. హైదరు అనే పేరు నలుగురి నోట పడింది ఆ ముట్టడిలోనే. దేవనహళ్ళి దొర కోట వదిలి చిక్కబళ్ళాపురంలోని దాయాదుల దగ్గరికి వెళ్ళిపోయాడు. పదమూడేండ్లకు అదే హైదరు చిక్కబళ్ళాపురం మీదికి వచ్చాడు.

అప్పటికి హైదరు ఎవరు? 1761లో నిజాము తమ్ముడు బసాలత్ జంగుకు నజరానా చెల్లించి సిరా నవాబు బిరుదు తెచ్చుకున్నాడు. సిరా అప్పుడు మరాఠాల చేతిలో ఉంది. తన చేతిలో లేని ఊరిని ఒకరు ఇచ్చారు, ఇంకొకరు డబ్బిచ్చి పుచ్చుకున్నారు. చదివిన ప్రతిసారీ మాకు నవ్వొస్తుంది. కానీ ఆ కాగితం పట్టుకునే హైదరు ఈ సీమ పాళెగాళ్ళను కప్పం అడిగాడు.

చిక్కబళ్ళాపురం దొర ఒప్పుకోలేదు. కోట గట్టిది, పైన నంది కొండ ఉంది, పైగా గుత్తి మురారి రావు అండగా ఉన్నాడు. ఈ మురారి రావు ఘోర్పడే మరాఠా సర్దారు. గుత్తిలో కూర్చుని చుట్టుపక్కల అందరి యుద్ధాల్లోనూ చెయ్యి పెట్టేవాడు. ముట్టడి సాగింది. దొర చివరికి పెద్ద మొత్తం ఇస్తాను, దండు తీసెయ్యి అన్నాడు. హైదరు సరేనని దేవనహళ్ళికి వెనక్కి తగ్గాడు. ఇదే మన ‘నాప్’. ఆ దండు అటు పోగానే మురారి రావు మనుషులు కోటలోకి వచ్చేశారు. హైదరు తిరిగి వచ్చి కోటను బలవంతాన పట్టాడు. దొర నంది కొండ ఎక్కాడు, తర్వాత ఆ కొండా పోయింది. మురారి రావుకు కూడా ఊరికే పోలేదు. కొడికొండ, పెనుకొండ, మడకశిర హైదరు చేతికి వెళ్ళాయి.

ఇక్కడ మాట తప్పింది ఎవరు? దొరే అంటారు చాలామంది, డబ్బిస్తానని చెప్పి దండును లోపలికి తెచ్చాడని. మా లెక్క వేరే. రెండు కరారులు ఒకదానికొకటి పొసగనివి. హైదరుతో ‘రావద్దు’ అన్న మాట ఒకటి, మురారి రావుతో ‘రా’ అన్న మాట ఒకటి. రెండూ ఒకే కోటకు ఎలా నిలబడతాయి? రైలులో పనిచేసినవాళ్ళకు ఇది తెలుసు. మన బంగారుపేట, కోలారు, చింతామణి, చిక్కబళ్ళాపురం లైను చిన్న గేజి రోజులనుంచీ ఒంటి లైను. ఒంటి లైనులో ఒక సెక్షనులో ఒక బండే ఉండాలి. రెండు వైపులా లైన్ క్లియర్ ఇచ్చేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు పెద్ద కాగితానికి వద్దాం. మొదటి మైసూరు యుద్ధంలో, 1768లో, ఇంగ్లీషువాళ్ళు కోలారు తీసుకున్నారు, హొసకోటలో దిగారు. మురారి రావు వాళ్ళతో చేరాడు. హైదరు రాత్రిపూట హొసకోటలో అతని విడిది మీద పడ్డాడు. మరుసటి ఏడు హైదరు తన గుర్రపు దండుతో ఏకంగా మద్రాసు వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. 1769 ఏప్రిల్లో ఒడంబడిక అయింది. గెలుచుకున్నవి చాలావరకు ఒకరికొకరు తిరిగి ఇచ్చెయ్యాలి, శాశ్వత స్నేహం. అంతటితో ఆగలేదు. ఒకరి మీద ఎవరైనా దండెత్తితే రెండోవాళ్ళు వచ్చి శత్రువును తరిమెయ్యాలి. అంటే అచ్చమైన ‘ఎండీపీ’.

మేము రైల్వేలో గుమాస్తాలం, జీతాల పట్టీ కనబడితే కన్ను అక్కడే ఆగుతుంది. సాయం వచ్చే దండుకు బత్తెం ఎంతో కూడా ఆ కాగితంలో ఉంది. సోల్జరుకు, గుర్రపు రౌతుకు నెలకు 15 రూపాయలు, సిపాయికి ఏడున్నర. దండు కదలకముందే జీతం లెక్క రాసిపెట్టారంటే, వస్తారనే హైదరు నమ్మి ఉంటాడు.

ఇంకో షరతు ఉంది, ఆట ఆడే పిల్లలు ఇది తప్పక చూడాలి. రెండు వైపుల స్నేహితులూ ఈ ఒడంబడికలో చేరినట్టే అన్నారు. తంజావూరు రాజు, తిరువాంకూరు రాజు, మురారి రావు, ఈ ముగ్గురి పేర్లూ విడిగా రాశారు. కానీ ఆ స్నేహితులు తామే ముందు దాడికి దిగితే ఎవరూ సాయం చెయ్యరు. ‘ముందు కొట్టింది ఎవరు’ అని తేల్చే మధ్యవర్తి మాత్రం లేడు.

మరి ఏమైంది? మరుసటి ఏడాదే పరీక్ష వచ్చింది. పీష్వా మాధవరావు దండు ఈ సీమలో దిగింది. 1770లో కోలారు మరాఠాల చేతికి పోయింది. 1771 మార్చిలో చినకురళి దగ్గర హైదరు చావుదెబ్బ తిన్నాడు. మద్రాసుకు కబురు మీద కబురు పంపాడు. ఒక్క సిపాయి కూడా రాలేదు. ఆర్కాటు నవాబు మహమ్మదలీకి హైదరు నాశనమే కావాలి, మద్రాసు దొరలకు మరాఠాలంటే భయం. ఆ ఏడున్నర రూపాయల జీతం ఏ సిపాయికీ అందలేదు. హైదరు ఈ సంగతి మరిచిపోలేదు. 1780లో అతను కర్ణాటక పాయిన్‌ఘాటు మీద విరుచుకుపడటానికి ఇదీ ఒక కారణం.

మురారి రావు మాట కూడా చెప్పాలి. 1776లో హైదరు గుత్తి కోటను పట్టుకున్నాడు. ఆ ముసలి సర్దారును కబ్బాళదుర్గంలో వేశారు, అక్కడే పోయాడు. 1769 కాగితంలో పేరు రాయించుకున్నవాడే. మద్రాసు నుంచి ఎవరూ రాలేదు, పుణె నుంచీ రాలేదు. పేరు ఉన్నవాడి గతి ఇది. చిక్కబళ్ళాపురం, గుడిబండ, గుమ్మనాయకనపాళ్యం దొరల పేర్లయితే ఆ కాగితంలో లేనే లేవు. వాళ్ళ కింద రాగి, సజ్జ పండించుకునే మన పెద్దల సంగతి ఎవరు అడగాలి?

1790 సంగతి కొంచెం తొందరగా చెప్తాం. పిట్ చట్టం ప్రకారం కంపెనీ తనంతట తాను యుద్ధపు పొత్తులు పెట్టుకోరాదు. కారన్‌వాలిస్ 1789లో నిజాముకు ఒక ఉత్తరం రాశాడు. కంపెనీ దండును నీకు పంపుతాం, మా స్నేహితుల మీద మాత్రం వాడరాదు అని ఆ స్నేహితుల పట్టీ ఇచ్చాడు. పట్టీలో టిప్పు పేరు లేదు. ఒప్పందం అనకుండా ఒప్పందం రాసిన తీరు ఇది! మరుసటి ఏడు కంపెనీ, నిజాము, మరాఠాలు ముగ్గురూ కలిశారు. గెలిచింది సమంగా పంచుకోవాలని రాసుకున్నారు. పారి కథలోని ముగ్గురు రాజులే అనుకోండి.

1791లో ఆ దండు ఈ దారినే వచ్చింది. కోలారు పట్టుకుంది. చిక్కబళ్ళాపురాన్ని పాత పాళెగాళ్ళ వంశానికి తిరిగి ఇచ్చారు. ఇచ్చినవాళ్ళు ముందుకు నడిచారు, టిప్పు మనుషులు మళ్ళీ వచ్చి పట్టుకున్నారు. అక్టోబరులో నంది కొండ ఇంగ్లీషువాళ్ళకు పడింది. 1792 శ్రీరంగపట్టణం ఒడంబడికలో టిప్పు సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు ఒప్పుకున్నాడు. మాట మీద నమ్మకం లేక, ఇద్దరు కొడుకులను తాకట్టుగా తీసుకున్నారు. పెద్దవాడికి పదేండ్లు, చిన్నవాడికి ఎనిమిది. రెండేండ్ల తర్వాత గాని పంపలేదు. మా ఒంటి లైనులో టోకెను చేతికి రానిదే డ్రైవరు బండి కదపడు. ఇక్కడ పసిపిల్లలే టోకెను అయ్యారు. కోలారు మాత్రం తిరిగి మైసూరుకే ఇచ్చేశారు. 1768 నుంచి లెక్క వెయ్యండి: ఇంగ్లీషువాళ్ళు, హైదరు, మరాఠాలు, మళ్ళీ హైదరు, మళ్ళీ ఇంగ్లీషువాళ్ళు, మళ్ళీ మైసూరు. పాతికేండ్లు నిండకుండానే ఇన్ని చేతులు. ప్రతి చెయ్యికీ వెనక ఒక కాగితం ఉంది. శిస్తు కట్టింది మాత్రం అదే రైతు.

ఆ ముగ్గురి స్నేహం ఎంతకాలం? 1795లో మరాఠాలు నిజామును ఖర్దా దగ్గర ఓడించారు. నిజాము కంపెనీ సాయం అడిగాడు. గవర్నరు జనరలు జాన్ షోర్, మన పొత్తు టిప్పు మీదనే గాని మరాఠాల మీద కాదని కదలలేదు. ఆటలో పిల్లలు దీనిమీదే రాత్రంతా వాదించుకుంటారు. ఇద్దరికీ స్నేహితుడైనవాడు ఆ ఇద్దరూ కొట్టుకుంటే ఎటు పోవాలి? షోర్ ఎటూ పోలేదు.

ఆ భయంతోనే నిజాము తర్వాత కంపెనీ దండును శాశ్వతంగా పెట్టుకున్నాడు. దండుకు ఖర్చు ఉంటుంది. 1792లోనూ 1799లోనూ మైసూరు నుంచి తనకు దక్కిన సీమలను 1800లో ఆ ఖర్చు కింద కంపెనీకి రాసిచ్చాడు. అవే దత్త మండలాలు. పెనుకొండ వైపు మద్రాసు కింద పడింది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి మైసూరు కిందే మిగిలాయి. చిక్కబళ్ళాపురం పాళెగాళ్ళకు కోట తిరిగి రాలేదు. బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర మన బస్సు ఆగే గీతకు మూలం ఆ దండు జీతం లెక్కే. గీతకు అటూ ఇటూ మాట్లాడేది ఒకే తెలుగు.